కప్పు బ్రెడ్ పొడి అంటే ఎన్ని గ్రాములు?

కట్‌లెట్ విరిగిపోవడానికీ, రొయ్యల ఫ్రైలో రొయ్య కంటే పిండే ఎక్కువ తగలడానికీ, డబ్బాలో దాచిన బ్రెడ్ పొడికి బూజు పట్టడానికీ మూలం చాలాసార్లు ఒక్కటే. మనం దాన్ని తూచం!

వంటల వీడియో ఏది తెరిచినా ఈ మాట తప్పదు. ‘ఇప్పుడు ఒక కప్పు బ్రెడ్ క్రంబ్స్ వేసుకోండి’ అంటారు. ఏ కప్పు? ఏ బ్రెడ్? అప్పుడే మిక్సీలో తిప్పిన మెత్తని బ్రెడ్డా, ఎండబెట్టి దంచిన పొడా, ప్యాకెట్‌లో దొరికే పాంకోనా? ఆ వివరం చెప్పేలోపే వీడియో అయిపోతుంది. మనమేమో చేతికందిన కప్పుతో కానిచ్చేస్తాం.

బియ్యానికో పప్పుకో కప్పు లెక్క బాగానే నడుస్తుంది. గింజ గింజకీ పెద్ద తేడా ఉండదు కాబట్టి. బ్రెడ్ పొడి సంగతి అలా కాదు. అందులో సగం గాలి. ఎంత గాలి, ఎంత నీరు, ఎంత బ్రెడ్ అన్నది పొడి పొడికీ మారిపోతుంది. విశాఖలాంటి ఊళ్లో అయితే ఉదయానికీ సాయంత్రానికీ కూడా మారుతుంది. ఫిషింగ్ హార్బర్‌కి పొద్దున్నే వెళ్లి బేరమాడి తెచ్చుకున్న రొయ్యలు పాడుకాకుండా ఉండాలంటే మూడొందలో నాలుగొందలో పెట్టి ఓ చిన్న డిజిటల్ కాటా కొనుక్కోవడం దండగేమీ కాదు.

ఒకే కప్పు... మూడు బరువులు

ముందు లెక్క చూద్దాం. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల ప్రకారం ఎండిన మెత్తని బ్రెడ్ పొడి ఒక కప్పు 108 గ్రాములు తూగుతుంది. అదే కప్పులో ఎండబెట్టని తాజా బ్రెడ్ పొడి పోస్తే 45 గ్రాములే. జపాన్ వాళ్ల పాంకో అయితే సుమారు 50 నుంచి 60 గ్రాములు.

అంటే ఎండుదానికీ తాజాదానికీ రెండు రెట్లకు పైనే తేడా. కానీ అసలు తేడా ఇంకా పెద్దది. తాజా బ్రెడ్‌లో మూడో వంతుకు పైగా నీళ్లే ఉంటాయి, సుమారు 36 శాతం. కాబట్టి 45 గ్రాముల తాజా పొడిలో నిజంగా ఉన్న పదార్థం 29 గ్రాములు. 108 గ్రాముల ఎండు పొడిలో నీరు ఐదారు శాతం పోయినా 101 గ్రాముల పదార్థం ఉంటుంది. మూడున్నర రెట్లు!

ఇప్పుడు వంటలోకి వద్దాం. వంట చెప్పినావిడ ఉద్దేశం అర కప్పు ఎండు పొడి, మనం వేసింది అర కప్పు తాజా పొడి అనుకోండి. ముద్దలో నీటిని పీల్చుకునే పదార్థం కావలసినదాంట్లో మూడో వంతు కూడా పడదు. నూనెలో వేయగానే కట్‌లెట్ విచ్చిపోతుంది. తప్పు చేపదని అనుకుంటాం, లేదా బంగాళాదుంపని తిట్టుకుంటాం. ఉల్టాగా చేస్తే, అంటే తాజా పొడి అన్నచోట ఎండుది వేస్తే, కట్‌లెట్ ఇటుకలా గట్టిపడుతుంది.

పైగా కప్పు కూడా ఒక్కటి కాదు. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే కొలత కప్పుల్లో 240వీ ఉన్నాయి, 250వీ ఉన్నాయి. జపాన్ వంట కప్పు 200. ఇంట్లో టీ కప్పు సంగతి చెప్పనక్కర్లేదు.

నేను సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. యూనిట్ రాయని అంకె కనిపిస్తే మేం ముందు దాన్నే అనుమానిస్తాం. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999లో అంగారకుడి దాకా వెళ్లి గల్లంతైంది ఇందుకే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెని ఇంకో చోట న్యూటన్ల లెక్కగా తీసుకున్నారు. కట్‌లెట్ విరిగితే అంత నష్టం లేదు కానీ, జబ్బు మాత్రం అదే జాతిది.

అమ్మ గుప్పెడు తప్పా?

కాటా తీసుకొచ్చి గట్టు మీద పెడితే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది. “కట్‌లెట్లకి కాటా ఏంట్రా? బంగారం తూస్తున్నావా?”

అమ్మ లెక్క గుప్పెడు. రస్కులు దంచిన పొడి గుప్పెడు తీసి వేస్తుంది, కట్‌లెట్ ఎప్పుడూ విరగదు. సరే అని ఆ గుప్పెడినే మూడుసార్లు తూచాను. 27, 29, 28 గ్రాములు వచ్చింది. అంత నిలకడగా ఉంది ఆ చెయ్యి. తర్వాత అదే చేత్తో తాజా బ్రెడ్ పొడి తియ్యమన్నాను. 12 గ్రాములు వచ్చింది.

“చూశావా అమ్మా, నీ చెయ్యి కరెక్టే. పొడి మారింది” అన్నాను.

“అందుకే మరి నేను రస్కు తప్ప వేరేది వాడను” అంది.

ఆ జవాబులోనే అసలు విషయం ఉంది. చేతి లెక్క పనిచేసేది ఒకే పొడిని, ఒకే తీరుగా, ఏళ్ల తరబడి వాడినప్పుడు. మన తరానికి ఆ వీలు లేదు. ఓ వారం మిల్క్ బ్రెడ్, ఇంకో వారం గోధుమ బ్రెడ్, ఆఫర్‌లో వచ్చిందని పాంకో ప్యాకెట్, వీడియోలో కొరియన్ వంట, పక్క వీడియోలో ఇటాలియన్ వంట. ఇన్ని మారుతుంటే చేతికి అలవాటు పడే టైమేది? అలవాటు లేనిచోట కాటా ఆదుకుంటుంది.

మీ ఇంట్లో కూడా అమ్మదో, మామ్మదో ఇలాంటి గుప్పెడు ఉంటే దాన్ని తూచి రాసి పెట్టుకోండి. వేరే ఊరికి ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆ చెయ్యిని తీసుకెళ్లలేం, అంకెనైతే తీసుకెళ్లొచ్చు.

గట్టిపడటం వేరు, ఎండటం వేరు

బ్రెడ్ పొడి విషయంలో ఎక్కువమంది పొరబడే చోటు ఇది. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉన్న బ్రెడ్ గట్టిగా ఉంటుంది. ఎండిపోయిందనుకుని మిక్సీలో తిప్పి డబ్బాలో పోసేస్తారు. పది రోజులకి మూత తీస్తే ముక్క వాసన.

బ్రెడ్ గట్టిపడటానికి ప్రధాన కారణం నీరు ఆరిపోవడం కాదు. కాల్చినప్పుడు ఉబ్బి మెత్తబడిన పిండి కణాలు చల్లారాక మళ్లీ బిగుసుకుంటాయి. ఫ్రిజ్ చల్లదనంలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. లోపలి నీరు మాత్రం చాలావరకు అక్కడే ఉంటుంది. అంటే గట్టి బ్రెడ్ అంటే ఎండిన బ్రెడ్ అని కాదు. బూజుకి కావలసింది ఆ నీరే.

మరి ఎండిందని ఎలా తెలుస్తుంది? ఇక్కడే కాటా అసలు ఉపయోగం. 100 గ్రాముల బ్రెడ్‌లో 36 గ్రాముల నీరు, 64 గ్రాముల పదార్థం అనుకుందాం. బాగా ఎండిన పొడిలో నీరు 5 శాతం దాకా మిగులుతుంది. కాబట్టి 100 గ్రాముల బ్రెడ్ ఎండితే సుమారు 67 గ్రాములకి దిగాలి. ఇంకా 80 గ్రాములుంటే అందులో ఐదో వంతు నీరే. 75 ఉంటే 15 శాతం నీరు. పైకి కరకరలాడుతున్నట్టే అనిపిస్తుంది కానీ దాచడానికి పనికిరాదు.

బ్రెడ్ రకాన్ని బట్టి ఈ అంకె రెండు మూడు గ్రాములు అటూ ఇటూ అవుతుంది. అందుకని ఇంకో పద్ధతి కూడా పాటించండి. ఎండబెట్టి తూచండి, మళ్లీ పది నిమిషాలు వేడి చేసి తూచండి. బరువు తగ్గడం ఆగిందంటే ఎండినట్టే.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు, మన పోర్టులో తెలిసిన విషయమే. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ నుంచి విదేశాలకు వెళ్తుంటుంది. ఇలాంటి ఖనిజపు పొడిని నౌకలోకి ఎక్కించే ముందు తేమ ఎంత శాతముందో తేల్చాలని అంతర్జాతీయ నిబంధన. తేమ హద్దు దాటితే సముద్రపు కుదుపులకి ఆ పొడి బురదలా జారుతుంది, నౌక ఒక పక్కకి ఒరిగిపోతుంది. 2009 వానాకాలంలో మంగళూరు దగ్గర ఏషియన్ ఫారెస్ట్, పారాదీప్ దగ్గర బ్లాక్ రోజ్ అనే నౌకలు మునిగినప్పుడు వాటిలో ఉన్న సరుకు ఇనుప ఖనిజపు పొడే. తేమ తేల్చే పద్ధతి చాలా సింపుల్. నమూనాని తూస్తారు, ఓవెన్‌లో ఎండబెడతారు, బరువు తగ్గడం ఆగేదాకా మళ్లీ తూస్తారు. లక్ష టన్నుల నౌకకి పనికొచ్చే పరీక్ష నాలుగు బ్రెడ్ ముక్కలకి పనికిరాదా?

ఇంట్లో ఎండబెట్టడం ఎలా?

ఓవెన్ ఉంటే 110–120 డిగ్రీల దగ్గర ముక్కల్ని విడివిడిగా పరిచి, మధ్యలో ఒకసారి తిప్పి 25–30 నిమిషాలు ఉంచండి. రంగు మారకూడదు. ఇక్కడే ఎర్రబడితే తర్వాత నూనెలో మాడిపోతుంది.

ఓవెన్ లేకపోతే మందపాటి కడాయిలో చిన్న ముక్కలు వేసి, సన్నని సెగ మీద కలుపుతూ పావుగంట వేయించండి. ఎయిర్ ఫ్రయర్‌లో అయితే ముక్కలుగానే పెట్టాలి. పొడి చేసి పెడితే ఫ్యాన్ గాలికి ఎగిరిపోతుంది. మైక్రోవేవ్‌లో సమంగా ఎండదు, మధ్యలో మాడుతుంది. తప్పనిసరైతే నిమిషం నిమిషం చొప్పున ఆపుతూ చూసుకోండి.

ఎండలో పెట్టొచ్చా? మే నెల మధ్యాహ్నం డాబా మీద బాగానే ఎండుతుంది. కానీ సాయంత్రం సముద్రం గాలి మొదలవగానే లోపలికి తెచ్చేయాలి. లేదంటే పగలంతా పోయిన తేమని రాత్రికి తిరిగి పీల్చేసుకుంటుంది. వడియాలు పెట్టిన ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఎండాక పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి లోపలే చెమటలా పడుతుంది. బిగుతు మూత ఉన్న గాజు సీసాలో పోసి, సీసాతో కలిపి బరువెంతో ఓ కాగితం మీద రాసి అంటించండి. వాడినప్పుడల్లా కొత్త బరువు రాయండి. వాడకుండానే బరువు పెరిగిందంటే పెరిగినదంతా గాలిలోని నీరే. ఉదాహరణకి 67 గ్రాముల పొడి 72కి చేరితే అందులో తేమ 5 శాతం నుంచి సుమారు 12 శాతానికి ఎక్కిందన్నమాట. వెంటనే కడాయిలో మరోసారి వేడి చేస్తే సరిపోతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా మాత్రం ఫ్రీజర్‌లో పెట్టేయడమే మేలు.

ఒక హెచ్చరిక. బ్రెడ్ మీద ఒక్కచోట బూజు కనిపించినా ఆ మేరకు గిల్లేసి మిగతాది ఎండబెట్టకండి. కంటికి కనిపించని పోగులు లోపలికి పాకి ఉంటాయి. వేడి చేస్తే బూజు చచ్చినా అది వదిలిన విషాలు అన్నీ పోవు. నలభై రూపాయల బ్రెడ్ కోసం కడుపుతో ఆటలొద్దు.

ముద్దలోకి ఎంత?

బ్రెడ్ పొడి వంటలో రెండు వేర్వేరు పనులు చేస్తుంది. ముద్దలో కలిపితే నీటిని పీల్చి పట్టు ఇస్తుంది. పైన అద్దితే కరకరలాడే పొర అవుతుంది. మొదటి పనికి మెత్తని పొడి కావాలి, రెండో పనికి కాస్త బరకగా ఉండాలి. మిక్సీలో ఆపి ఆపి తిప్పి, జల్లెడ పట్టండి. కిందకి దిగింది ముద్దలోకి, పైన మిగిలింది పూతకి. ఒకే బ్రెడ్, రెండు డబ్బాలు.

ముద్దలోకి లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక. ముద్ద బరువులో 5 శాతంతో మొదలుపెట్టండి, 10 శాతం దాటనివ్వకండి. అరకిలో ముద్ద ఉంటే 25 గ్రాములు వేసి కలిపి, పది నిమిషాలు ఆగండి. ఆగడం ముఖ్యం. పొడి నీటిని పీల్చడానికి టైము పడుతుంది. కలిపిన వెంటనే జారుగా ఉందని ఇంకా ఇంకా వేసేస్తే తర్వాత రాయి అవుతుంది. పది నిమిషాల తర్వాత కూడా చేతికి అంటుకుంటుంటే ఇంకో 10 గ్రాములు. ఒక్క చిన్న కట్‌లెట్ వేయించి చూసి అప్పుడు మిగతావి చేయండి.

కోనాం చేప ముల్లు తీసి కట్‌లెట్ చేస్తే 5–6 శాతం సరిపోతుంది. ఉడికించిన బంగాళాదుంప ఎక్కువున్న ముద్దకీ అంతే, దుంపే సగం పట్టు ఇస్తుంది. బీట్‌రూట్, సొరకాయ లాంటి నీరు కారే కూరగాయలైతే ముందు బాగా పిండండి. బ్రెడ్ పొడితో నీటిని ఆపాలని చూస్తే చివరికి కూరగాయల కట్‌లెట్ కాస్తా బ్రెడ్ కట్‌లెట్ అవుతుంది. రైల్లో రెండు బ్రెడ్ ముక్కల పక్కన ఇచ్చే కట్‌లెట్‌లో ఒక్కోసారి ఏది కట్‌లెట్టో ఏది బ్రెడ్డో తెలియకపోవడానికి కారణం అదే!

ఉప్పు కూడా చూసుకోవాలి. బ్రెడ్‌లో ఉప్పు ముందే ఉంటుంది. ఎండినప్పుడు నీరు పోతుంది కానీ ఉప్పు పోదు. కాబట్టి గ్రాముకి గ్రాము చూస్తే ఎండు పొడి తాజా బ్రెడ్ కంటే ఉప్పగా ఉంటుంది. ముద్దలో ఉప్పు ఎప్పుడూ పొడి కలిపాకే సరిచూడండి.

రొయ్య ఎంత, పూత ఎంత?

ఇక అసలు డబ్బుల విషయం. క్రిస్పీ ప్రాన్స్ అని ఆర్డర్ చేస్తాం. పెద్ద పెద్ద ముక్కలు వస్తాయి. కొరికితే పొర మీద పొర, లోపలెక్కడో చిటికెన వేలంత రొయ్య. దీనికి ఓ లెక్క ఉంది, సముద్ర ఆహార పరిశ్రమలో దాన్ని ‘పికప్’ అంటారు. అంటే పూత ఎంత బరువు అంటుకుంది అని.

అమెరికాలో దీనికి చట్టమే ఉంది. ‘బ్రెడెడ్ ష్రింప్’ అని ప్యాకెట్ మీద రాసి ఫ్రోజెన్ పచ్చి సరుకు అమ్మాలంటే బరువులో కనీసం 50 శాతం రొయ్య ఉండాలి. ‘లైట్లీ బ్రెడెడ్’ అని రాయాలంటే కనీసం 65 శాతం. అంటే మొదటి రకంలో కిలోకి అరకిలో దాకా పిండీ బ్రెడ్డే ఉన్నా అది చట్టబద్ధమే.

మన తీరానికి ఈ విషయం దూరంది కాదు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల విలువలో దేశంలో ముందు వరసలో ఉండే రేవు విశాఖ. కొచ్చి కేంద్రంగా ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం ఒకటి మన ఊళ్లోనే ఉంది. 2005లో అమెరికా మన ఫ్రోజెన్ రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం వేసినప్పుడు బ్రెడ్ పొడి అద్దిన రొయ్యల్ని అందులోంచి మినహాయించింది. అదే రొయ్య, పైన పూత పడేసరికి సుంకాల పుస్తకంలో వేరే సరుకైపోయింది. అయినా మన దగ్గర నుంచి వెళ్లేది ఎక్కువగా పూత లేని ఫ్రోజెన్ రొయ్యే. పూత వేసి విలువ పెంచే పని చాలావరకు వేరే దేశాల్లో జరుగుతోంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆంధ్రా రొయ్య రైతులు పడ్డ కంగారు మనకి తెలిసిందే. పచ్చి సరుకు ఒక్కటే నమ్ముకుంటే ఎంత ప్రమాదమో అప్పుడు అందరూ మాట్లాడుకున్నారు.

ఇంట్లో పికప్ కనుక్కోవడం నిమిషం పని. ఒలిచి, కడిగి, తడి అద్దేసిన రొయ్యల్ని తూచండి. ఉదాహరణకి 250 గ్రాములు. పూత అంతా అయ్యాక, నూనెలో వేయకముందు మళ్లీ తూచండి. 340 వచ్చిందనుకోండి. 250ని 340తో భాగిస్తే 73 శాతం రొయ్య. చాలా బాగుంది. 385 దాటితే 65 శాతం కిందకి పోయినట్టు. 500 వచ్చిందంటే సగానికి సగం పిండే తినబోతున్నారు.

కొన్న ప్యాకెట్ అయితే వెనక్కి తిప్పి చూడండి. పదార్థాల పేర్లు బరువు ఎక్కువున్నదాని నుంచి తక్కువకి వరసగా రాయాలన్నది మన ఆహార నియమం. రొయ్య కంటే ముందు గోధుమ పిండి ఉంటే ఇక చెప్పేదేముంది.

పూత పల్చగా, ఊడకుండా రావాలంటే వరస ముఖ్యం. ముందు తడి లేకుండా తుడవాలి. తర్వాత మైదా గానీ బియ్యప్పిండి గానీ కార్న్‌ఫ్లోర్ గానీ పల్చగా. ఇది పైన మిగిలిన చెమ్మని పట్టేస్తుంది. తర్వాత గిలక్కొట్టిన గుడ్డు. ఇది వేడికి గడ్డకట్టి జిగురు పని చేస్తుంది. గుడ్డు తినని ఇళ్లలో కార్న్‌ఫ్లోర్, మైదా పల్చగా కలిపిన జారు సరిపోతుంది. చివర్లో బ్రెడ్ పొడి, మెల్లగా అదమాలి. పావుగంట ఫ్రిజ్‌లో పెడితే పొర కుదురుకుంటుంది.

పావుకిలో రొయ్యలకి 60 గ్రాముల పొడి తీసి పళ్లెంలో సగం పోసుకోండి, అయ్యాక మిగతా సగం. పచ్చి రొయ్య, గుడ్డు తగిలిన పొడిని తిరిగి డబ్బాలో పోయకూడదు కదా. అందుకే కొంచెం కొంచెంగా తీసుకుంటే పారబోసేది తగ్గుతుంది.

నూనెలో ఏం జరుగుతుంది?

నూనె 170–180 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటర్ లేకపోతే చిటికెడు పొడి వేసి చూడండి. మునిగి వెంటనే బుడగలతో పైకి తేలాలి. అడుగున కూర్చుంటే నూనె చల్లగా ఉన్నట్టు, పడగానే నల్లబడితే మరీ వేడెక్కినట్టు. చల్లని నూనెలో పొడి స్పాంజిలా నూనె పీలుస్తుంది.

రస్కు పొడి వాడేవాళ్లకి ఒక జాగ్రత్త. రస్కులో చక్కెర ఉంటుంది. ఒక్కోదాంట్లో యాలకులు కూడా. చక్కెర ఉన్న పూత త్వరగా ఎర్రబడుతుంది. లోపల పచ్చిగా ఉండగానే పైన రంగు వచ్చేస్తుంది. రొయ్యలకి ఇబ్బంది లేదు, అవి రెండు మూడు నిమిషాల్లో ఉడుకుతాయి. చికెన్‌కీ మందపాటి చేప ముక్కకీ మాత్రం ఉప్పు బ్రెడ్ పొడే వాడండి.

ఎయిర్ ఫ్రయర్ వాళ్లు పొడిని ముందే ఓ చెంచా నూనెతో కడాయిలో లేత బంగారు రంగు వచ్చేదాకా వేయించి, అప్పుడు అద్దండి. అలా చేయకపోతే తెల్లగా, దుమ్ము పట్టినట్టు ఉండిపోతుంది.

పాంకో ఎందుకు ఎక్కువ కరకరలాడుతుందని చాలామంది అడుగుతారు. దానికోసం బ్రెడ్‌ని వేడి ఓవెన్‌లో కాకుండా పిండి ముద్ద గుండా కరెంటు పంపి ఉడికిస్తారు. అందుకే గోధుమ రంగు అంచు ఉండదు. పొడి కాకుండా రేకుల్లా వస్తుంది, మధ్యలో ఖాళీలుంటాయి. ఆ పేరులో ‘పాన్’ పోర్చుగీసు వాళ్ల రొట్టె మాట నుంచి వచ్చింది. మన పావ్‌భాజీలో పావ్ కూడా అక్కడి నుంచి వచ్చిందే.

బ్రెడ్ లేనప్పుడు

ఇంట్లో బ్రెడ్ లేకపోతే కార్న్‌ఫ్లేక్స్, వేయించిన అటుకుల పొడి, మరమరాల పొడి, ఓట్స్ పొడి అన్నీ పనికొస్తాయి. బీచ్ రోడ్డులో మూరీ మిక్చర్ తినే ఊరు మనది, మరమరాలకి కొదవేముంది. గోధుమ పడనివాళ్లకి అటుకులు, మరమరాలు మంచి దారి. కానీ కప్పుకి కప్పు మార్చకండి, గ్రాముకి గ్రాము మార్చండి. కప్పు బొంబాయి రవ్వ 160–170 గ్రాములు తూగుతుంది. కప్పు బ్రెడ్ పొడి అన్నచోట కప్పు రవ్వ వేస్తే సగానికి పైగా ఎక్కువ వేసినట్టే. పైగా రవ్వ నీటిని నెమ్మదిగా పీలుస్తుంది, పావుగంట ఆగాలి.

ఫ్రిజ్ మీద అంటించుకోండి

• ఎండు బ్రెడ్ పొడి ఒక కప్పు: 108 గ్రాములు. తాజా పొడి: 45. పాంకో: 50–60.
• ఎండు పొడి ఒక కప్పుకి బదులు తాజాది వాడితే మూడు నుంచి మూడున్నర కప్పులు.
• 100 గ్రాముల బ్రెడ్ ఎండితే సుమారు 67 గ్రాములు. బరువు తగ్గడం ఆగాకే డబ్బాలోకి.
• ముద్దలోకి: బరువులో 5 శాతం, పది నిమిషాలు ఆగాక అవసరమైతే ఇంకాస్త. 10 శాతం దాటొద్దు.
• పూత: 250 గ్రాముల రొయ్యలు పూతతో కలిపి 340 దగ్గర ఉంటే భేష్. 385 దాటితే ఎక్కువైనట్టే.
• కాటాని బల్లపరుపు గట్టు మీద పెట్టండి, గిన్నె పెట్టి సున్నా చేశాకే పొడి పోయండి. ఐదు గ్రాముల లోపు కొలతలకి ఇంటి కాటాని నమ్మొద్దు, చెంచా నయం.

ఈ ఆదివారం బ్రెడ్ ప్యాకెట్‌లో చివరి రెండు ముక్కలు ఎలాగూ మిగులుతాయి. పారేయకుండా తూచి, ఎండబెట్టి, మళ్లీ తూచండి. మీ బ్రెడ్‌కి మీ అంకె దొరుకుతుంది. వచ్చేసారి వీడియోలో ‘ఒక కప్పు’ అన్నప్పుడు కామెంట్లో అడగండి... ‘ఎన్ని గ్రాములండీ?’ అని.